గాలి బల్లకట్టు

టికెట్ కిటికీ నాది.
అద్దం మీద ఊపిరి మంచు కడితే
మోచేత్తో తుడిచి అడుగుతాను:
ఎంతమంది? పైకా, పక్కకా?
పైకంటే రెండువందల డెబ్బై పైచిలుకు మెట్లు,
మోకాళ్ల పూచీ మాది కాదు.
పక్కకంటే ఊరికే కూర్చోడమే,
అవతలి గట్టు దానంతటదే వస్తుంది.

ఇదేం వంతెనండీ, అంటారు.
వంతెనే. ఏటి మీద అడ్డంగా పడుకోలేదు, అంతే.
కిందనుంచి తెరచాప స్తంభాలు పోవాలని
పట్టాలు నెత్తికెత్తుకుని నిలబడింది.
పట్టాలకి తాళ్లు, తాళ్లకొక గది,
గదిలో ఆరు కార్లు, ఒక సైకిలు, తడిసిన కుక్క.
నీళ్లంటకుండా ఏరు దాటే బల్లకట్టు.
ఆ ఓడలు రావడం ఎప్పుడో మానేశాయి.
ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి,
దించమని ఎవరూ చెప్పలేదు కాబోలు.

మిగతా న్యూపోర్టు కూడా నేనే చెబుతాను,
చిల్లర లెక్కపెడుతూ.
కోట కావాలా? రోడ్డు పక్కనే, సగం.
తక్కిన సగం రోడ్డుకీ రైలుకీ పోయింది.
బస్సులోంచే బాగుంటుంది, ఎడం కిటికీ దొరికితే.
ఒడ్డున ఎర్రటి ఇనప అల చూడండి,
ఉక్కు కరిగించినవాళ్ల గుర్తుగా నిలబెట్టింది.
పిల్లలు జారుడుబల్ల అనుకుంటారు. అందదు.
నాటకశాలకి పునాది తవ్వితే దొరికిన ఓడుంది,
అయిదొందల ఏళ్లపైగా బురదలో నిద్రపోయింది.
దాని వెన్నుదుంగలో వెండి నాణెం దాచాడొక వడ్రంగి,
నీళ్లు చల్లగా చూస్తాయని.
చూశాయి, వాటి పద్ధతిలో:
ఓడని పడగొట్టి
నాణేన్ని జాగ్రత్త చేశాయి.

నది పేరు అస్క్.
రోజుకి రెండుసార్లు నాలుగంతస్తుల నీళ్లెక్కుతాయి, దిగుతాయి.
దిగాక మిగిలేదంతా బురద.
చాకొలెట్‌లా ఉంది కదూ, అంది బ్రిస్టల్ నుంచొచ్చిన ఒకావిడ.
నాకెందుకో కోపమొచ్చింది.
చిల్లర మాత్రం సరిగ్గానే ఇచ్చాను.

బల్లకట్టు నడిపేవాడు ఇడ్రిస్ ప్రిచర్డ్,
థర్మాస్‌లో టీ కంటే పాలెక్కువ తెచ్చుకునేవాడు.
ఆయన దగ్గర పని నేర్చుకోడానికొచ్చాడు ఇద్రిస్ సలేహ్.
తాత ఏడెన్ నుంచి ఓడ కొలిమిలో బొగ్గు వేస్తూ వచ్చాడట,
మనవడు మాత్రం ఈ వీధుల్లోనే పుట్టాడు,
వానని మాలాగే తిడతాడు.
ఒకరి పేరు నాలుకని అంగిట్లోకి మడిచి,
ఒకరిది పళ్లకి ఆనించి.
అది మా ఉత్తరాది కొండ పేరోయ్, అంటాడు ముసలాయన.
అంతకంటే ముందు మా ప్రవక్త పేరు, అంటాడు కుర్రాడు.
ఈ తగువు ఇవతలి గట్టున మొదలై
అవతలి గట్టు తగలగానే ఆగిపోయేది,
గొలుసు విప్పాలి కదా.
తిరుగు ప్రయాణంలో మళ్లీ మొదలు.

ఫిబ్రవరిలో ఒక గురువారం
ప్రిచర్డ్ తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టాడు.
ప్రసంగం లేదు, కేకు ఉంది. కొంచెం ఎండిపోయింది.
ఆఖరిసారి తను నడపనన్నాడు,
నా దగ్గర టికెట్ కొన్నాడు, పక్కకి, ఒకటి.
డబ్బులొద్దంటే వినలేదు.
సైకిళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని
ఇన్నేళ్లలో మొదటిసారి
పనిచెయ్యని చేతులతో ఏరు దాటాడు.
ఎలా ఉంది, అని తర్వాత అడిగాను.
కుదుపెక్కువ, అన్నాడు.

మర్నాడు పుస్తకం తెరిచాను.
నడిపినవారు: ఇద్రిస్.
రాత ఒక్కటే అటువైపు వాలింది.
ఏడాదికోసారి కార్డిఫ్ నుంచొచ్చే పెద్దమనిషి
ఇంకా అతనేనా, అని కిటికీలోంచి అడిగితే
అవునండీ, అన్నాను.
అబద్ధమో కాదో తేల్చుకునేలోపు
వెనక వరసలో ఎవరో దగ్గారు.

నీళ్లు పూర్తిగా దిగినప్పుడు, సాయంత్రం,
మూడో స్తంభానికి ఎడంగా
ఒక సూపర్‌మార్కెట్ తోపుడుబండి తేలుతుంది.
ఒక చక్రం లేదు. దాని మీద ఎప్పుడూ ఒకే కొంగ.
అది ఏ కరపత్రంలోనూ ఉండదు.
అడగరు గానీ,
రండి, ఇటు నిలబడండి, చూపిస్తాను.